శ్రీముఖలింగాన్ని ఒక పూట నిదానంగా చూడాలంటే

శ్రీకాకుళం వచ్చిన చుట్టాల్ని గుళ్ళకి తిప్పేవాళ్ళు సాధారణంగా అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం మూడూ ఒక్కరోజులో చుట్టేద్దామని బయల్దేరతారు. ఆ లెక్కన ముఖలింగానికి మిగిలేది ముప్పావుగంట. చెప్పులు విడవడం, కొబ్బరికాయ కొట్టడం, దర్శనం, గుమ్మం దగ్గర ఒక ఫోటో, ఇంతలో డ్రైవరు హారన్ కొడతాడు. గోడలమీద ఉన్నదంతా గోడలమీదే ఉండిపోతుంది. ఈ ఊరికి కనీసం ఒక పూట కేటాయించండి: పొద్దున్న ఏడు నుంచి పన్నెండు దాకా. సాయంత్రం ఏటి ఒడ్డున ఒక గంట ఉండగలిగితే ఇంకా మంచిది. ఆ ఐదు గంటలు ఎలా వాడుకోవాలో, ఏది ముందు, ఏది తర్వాత చూడాలో ఇక్కడ చెబుతున్నాం.

ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉన్న ఈ పల్లెటూరే తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం అని ఎక్కువమంది చరిత్రకారుల నిర్ణయం. గంగవంశంలో అందరికంటే పేరుపడ్డ అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడై 1147 దాకా, దాదాపు డెబ్బై ఏళ్ళు పాలించాడు. పూరీ జగన్నాథాలయం కట్టడం మొదలుపెట్టింది ఆయనే. రాజధానిని ఇక్కణ్ణుంచి కటకానికి (ఇప్పటి కటక్‌కి) మార్చింది కూడా ఆయనే. రాజధాని వెళ్ళిపోయింది, గుళ్ళు మిగిలాయి. ఇవాళ మీరు నడిచే వీధి ఒకప్పటి రాజధాని వీధి అని మనసులో పెట్టుకుంటే కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి నెలాఖరు నుంచి పదిన్నర దాటితే గుడి ప్రాంగణంలో రాయి కాలుతుంది, చెప్పుల్లేకుండా ప్రదక్షిణ చెయ్యలేరు. జులై నుంచి అక్టోబరు దాకా ఏరు నిండుగా ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ ఒడ్డు నమ్మదగ్గది కాదు. అక్టోబరంటే మన జిల్లాకి తుపానుల నెల కూడాను. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. ఆ నెలలో వెళ్ళేవాళ్ళు రెండు రోజుల ముందునుంచీ వాతావరణం చూసుకోవాలి.

మహాశివరాత్రికి వెళ్తే జాతర చూస్తారు, గుడిని చూడలేరు. ఇటు సిక్కోలు పల్లెలనుంచి, అటు ఒడిశా నుంచి జనం వస్తారు. ఉత్సవాల చివర వంశధారలో చక్రతీర్థ స్నానం జరుగుతుంది. అది దానికదే చూడదగ్గ సంబరం. శిల్పాల కోసమైతే మరోసారి రండి. కార్తీక సోమవారాలకీ ఇదే మాట. మామూలు మంగళవారమో, బుధవారమో ఎంచుకుంటే గోడ ముందు ఎంతసేపు నిలబడ్డా ఎవరూ జరగమనరు.

వెలుతురు సంగతి చాలామంది పట్టించుకోరు. శిల్పం మీద ఎండ ఎదురుగా పడితే అంతా చదునుగా, పిండిబొమ్మలా కనిపిస్తుంది. పక్కనుంచి వాలుగా పడితేనే ముక్కు, పెదవి, నగల గీతలు లేస్తాయి. తూర్పు గోడకి పొద్దున్న ఎనిమిదీ తొమ్మిదీ మధ్య, పడమటి గోడకి సాయంత్రం నాలుగు దాటాక మంచి వెలుగు. దక్షిణపు గోడ చలికాలంలో రోజంతా ఎండ తింటుంది కాబట్టి నవంబరు–జనవరి మధ్య అది బాగా కనిపిస్తుంది. ఉత్తరపు గోడే చిక్కు. మన ప్రాంతం అక్షాంశం 18.6 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉండేది మే మధ్యనుంచి జులై ఆఖరు దాకానే. చలికాలంలో వెళ్తే ఉత్తరపు గోడ మొత్తం నీడలో ఉంటుంది. నీడలో ఉందని వదిలెయ్యకండి, ఒక టార్చిలైటు పట్టుకెళ్ళండి.

వెంట ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. పొద్దున్న టిఫిను మీతోనే తెచ్చుకోండి. ఊళ్ళో టీ, ఇడ్లీ దొరికినా ఎనిమిదిమంది ఒక్కసారి వెళ్తే సరిపడా ఉంటుందని చెప్పలేం. ఒక టార్చి: సెల్‌ఫోను లైటు చాలదు, అది వెడల్పుగా పరుచుకుంటుంది, దూరం పోదు. శిఖరం పైభాగం చూడడానికి చిన్న బైనాక్యులర్ ఉంటే మరీ మంచిది. నోటుపుస్తకం, పెన్సిలు. గుళ్ళోకి వెళ్ళే బట్టలు, అంటే మోకాళ్ళు కప్పేవి. చిల్లర డబ్బులు. ఇంతే. పెద్ద కెమెరా స్టాండు తేవద్దు. ఈ గుళ్ళు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. పూజలు జరుగుతున్న గుళ్ళు కాబట్టి గర్భాలయంలో ఫోటో అసలే కూడదు.

శ్రీకాకుళం నుంచి దూరం సుమారు 46 కిలోమీటర్లు, నరసన్నపేట మీదుగా దారి. సొంత బండిలో ఐదున్నరకి బయల్దేరితే ఏడుకి ఊళ్ళో ఉంటారు. బస్సులో వెళ్ళేవాళ్ళు ముందురోజే కాంప్లెక్సులో టైము కనుక్కోండి. నేరు బస్సు దొరక్కపోతే నరసన్నపేటలో దిగి మారాలి. రైల్లో పైనుంచి వచ్చేవాళ్ళు దిగాల్సింది శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో. అది ఆమదాలవలసలో ఉంది, పట్నానికి 13 కిలోమీటర్లు. బస్సువాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది: వెళ్ళే బస్సు చూసుకుంటారు, వచ్చే బస్సు చూసుకోరు. ఊళ్ళో దిగేటప్పుడే కండక్టరుని “మళ్ళీ బస్సు ఎన్నింటికి, ఆఖరిది ఏది?” అని అడిగి రాసుకోండి.

మొదట సోమేశ్వరం, తర్వాతే పెద్ద గుడి

ఊళ్ళో పాత శివాలయాలు మూడు: మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం. జనం నేరుగా పెద్ద గుడికి, అంటే మధుకేశ్వరానికి నడుస్తారు. మీరు అలా వెళ్ళకండి. ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరం దగ్గరే ఆగండి. మూడింటిలో పాతది మధుకేశ్వరమే, అయినా చదవడం నేర్చుకోవడానికి సోమేశ్వరం తేలిక. ఎందుకంటే దీనికి ముందు మండపం లేదు, చుట్టూ చిన్న గుళ్ళ గుంపు లేదు. గర్భాలయం, దానిమీద శిఖరం, అంతే. బడిలో అక్షరాలు నేర్చాకే వాచకం చదువుతాం కదా, ఇక్కడా అంతే.

గుమ్మం దగ్గరికి పోకుండా ముందు దూరంగా నిలబడండి. ఎంత దూరం అంటే గుడి ఎత్తుకి రెండింతలు. అంతకంటే దగ్గరైతే మెడ నొప్పెడుతుంది, ఫోటోలో శిఖరం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. అక్కణ్ణుంచి గుడిని కిందనుంచి పైకి మూడు ముక్కలుగా చూడండి. నిటారుగా లేచిన గోడ భాగాన్ని కళింగ శిల్పులు బాడ అంటారు. ఆ పైన లోపలికి వంగుతూ పోయేది గండి. గండి ముగిశాక మెడలాంటి సన్నని భాగం ఒకటి, దానిమీద పక్కలన్నీ గాళ్ళు గాళ్ళుగా ఉన్న గుండ్రటి పెద్ద రాయి. దాని పేరు ఆమలకం. పేరు ఉసిరికాయనుంచి వచ్చింది, చూస్తే ఎందుకో ఇట్టే తెలుస్తుంది. ఈ పై భాగమంతా కలిపి మస్తకం. తమిళ పద్ధతిలో కట్టిన గోపురం అంతస్తులు అంతస్తులుగా మెట్లెక్కుతుంది. ఇక్కడ గోడలోంచి శిఖరం ఒకే ఒంపుగా సాగిపోతుంది. ఈ ఒక్క తేడా కంటికి అలవాటైతే భువనేశ్వరం వెళ్ళినా, పూరీ వెళ్ళినా ఇక్కడి గుడికి అవి చుట్టాలని గుర్తుపడతారు.

ఇప్పుడు దగ్గరికి వెళ్ళి ఒక గోడని మూలనుంచి మూల దాకా చూడండి. గోడ చదునుగా ఉండదు, నిలువు పట్టీలుగా ముందుకు పొడుచుకొస్తుంది. నడుమ పట్టీ అన్నిటికంటే ముందుకి, మూల పట్టీలు అన్నిటికంటే వెనక్కి. ఈ పట్టీలు మూడైతే త్రిరథం, ఐదైతే పంచరథం. వేలితో చూపిస్తూ లెక్కపెట్టాలి, తాకకుండా. మూల పట్టీల వెంట కళ్ళు పైకి పోనిస్తే కొన్ని వరసలకొకసారి చిన్న చిన్న ఆమలకాలు అదిమిపెట్టినట్టు కనిపిస్తాయి. అవి శిఖరంలో ‘భూములు’, అంటే అంతస్తుల లెక్క చెప్పే గుర్తులు. పిల్లలతో వెళ్తే ఈ లెక్కలన్నీ వాళ్ళకి అప్పగించండి. ఒకడికి పట్టీలు, ఒకడికి ఆమలకాలు. అరగంట అల్లరి ఉండదు.

నడుమ పట్టీలోని గూళ్ళు ముఖ్యం. తూర్పుముఖంగా ఉన్న శివాలయంలో కళింగ పద్ధతి ప్రకారం దక్షిణపు గూట్లో వినాయకుడు, వెనక పడమట కుమారస్వామి, ఉత్తరాన అమ్మవారు. మనకి ఎక్కువ అలవాటైన దక్షిణాది పద్ధతిలోనైతే దక్షిణాన దక్షిణామూర్తి, ఉత్తరాన బ్రహ్మ ఉంటారు. గుడి ముఖం ఎటు ఉందో సూర్యుణ్ణి బట్టి తేల్చుకుని, మూడు గూళ్ళలో ఎవరున్నారో రాసుకోండి. గుడి ముఖం మారితే దేవతల వరసా మారుతుంది. అది ఎలా మారిందో మీరే పట్టుకోవాలి. గూడు ఖాళీగా ఉంటే అదీ రాసుకోండి. ఖాళీ గూడంటే విగ్రహం పోయిందనో, వేరేచోటికి చేరిందనో అర్థం. అసలు లేదని కాదు.

గుమ్మం దగ్గర ఓపిక పట్టాలి. రెండు పక్కల కమ్మీల అడుగున చూడండి. మొసలిమీద నిలబడ్డది గంగ, తాబేలుమీద నిలబడ్డది యమున. ముఖాలు అరిగిపోయి ఎవరెవరో తెలియకపోతే కాళ్ళకింద వాహనం చూసి గుర్తుపట్టొచ్చు. కళింగ గుళ్ళలో గుమ్మం నడినెత్తిన తరచుగా గజలక్ష్మి ఉంటుంది, ఆపైన అడ్డుపట్టీలో గ్రహాల వరస. ఆ వరస కనిపిస్తే తప్పకుండా లెక్కపెట్టండి. ఈ ప్రాంతపు పాత గుళ్ళలో గ్రహాలు ఎనిమిదే చెక్కేవారు, కేతువు ఉండడు. పదో శతాబ్దం నాటికి తొమ్మిదోవాడు వచ్చి చేరాడు. అంటే గ్రహాల్ని లెక్కపెడితే గుడి వయసు గురించి ఒక ఆచూకీ చిక్కుతుంది. తర్వాత మరమ్మతుల్లో రాళ్ళు మారి ఉండొచ్చు కాబట్టి ఒక్క గ్రహాల లెక్కతోనే వయసు తేల్చెయ్యకూడదు.

సోమేశ్వరానికి నలభై నిమిషాలు ఇవ్వండి. ఎనిమిదిన్నరకల్లా పెద్ద గుడికి చేరాలి.

మధుకేశ్వరంలో

ముందు దర్శనం చేసుకోండి. పూజ టైములో గోడలు చూస్తూ తిరిగితే భక్తులకీ ఇబ్బంది, మీకూ మనసు నిలవదు. మధుకం అంటే ఇప్పచెట్టు. సవర నాయకుడి ఇద్దరు భార్యల మధ్య రాలిన ఇప్పపూల కోసం తగువు రావడం, చెట్టు నరకబోతే అందులోంచి శివుడు ముఖంతో కనిపించడం, అందుకే ఇది ముఖలింగం కావడం – ఈ కథ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. అర్చకుల నోట వినండి, చదువుకునే దానికంటే బాగుంటుంది. ఇప్పపూలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామునే రాలతాయి. ఆ రోజుల్లో ఈ పల్లెల దారిన వచ్చేవాళ్ళు చెట్టుకింద తీపివాసన వస్తే బండి ఆపి చూడండి. కథలో ఆ ఇద్దరూ ఏం ఏరుకోవాలని కొట్టుకున్నారో అప్పుడు తెలుస్తుంది. గర్భాలయం వెనకవైపు ఉన్న పెద్ద మట్టి గోలేన్ని కూడా అడిగి చూడండి. దానికీ ఒక కుమ్మరి మొక్కు కథ ఉంది. ఇక్కడి అమ్మవారు వారాహి. ఆ దర్శనం మరిచిపోయి వచ్చేసేవాళ్ళు చాలామంది.

దర్శనం అయ్యాక బయటికొచ్చి మొదటినుంచీ మొదలుపెట్టండి. సోమేశ్వరంలో నేర్చుకున్న బాడ, గండి, ఆమలకం ఇక్కడా ఉన్నాయి. అదనంగా ఎదుట మండపం, ప్రాంగణం మూలల్లో చిన్న గుళ్ళు. చిన్న గుళ్ళమీద కూడా అదే ఒంపు శిఖరం ఉందా అని చూసుకోండి. మండపం మీద ఎత్తయిన శిఖరం లేదన్నది గమనించాలి. కొన్ని శతాబ్దాల తర్వాత కట్టిన పూరీ, కోణార్కల్లో మండపం మీద మెట్లు మెట్లుగా గోపురంలాంటి కప్పు లేస్తుంది. కళింగ శిల్పం ఇక్కడ ఎక్కడుందో, అక్కడికి ఎలా పోయిందో ఈ కప్పు ఒక్కటీ చాలు చెప్పడానికి. భువనేశ్వరంలోని పరశురామేశ్వరం చూసినవాళ్ళకి దీని పోలిక వెంటనే తడుతుంది.

తర్వాత ప్రదక్షిణంగా మూడు చుట్లు తిరగండి, ఒక్కో చుట్టు ఒక్కో పనికి. మొదటి చుట్టు కేవలం దేవతామూర్తుల కోసం: వరాహమూర్తి, కుమారస్వామి, మాతృకలు ఎక్కడెక్కడున్నారో. రెండో చుట్టు దేవతలు కాని వాటికోసం: తీగలు, హంసలు, రాతి జాలీ కిటికీలు, కమ్మీలమీది అల్లికలు. మూడో చుట్టు శాసనాల కోసం. మూడూ ఒకే చుట్టులో చూద్దామనుకుంటే పదో నిమిషానికి కళ్ళు మొద్దుబారి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. విసుగొచ్చేది అందుకే, శిల్పం వల్ల కాదు.

తీగల అల్లిక ముందు ఒక్కసారి దగ్గరగా నిలబడండి. తీగ కిందనుంచి మొదలై మెలి తిరుగుతూ పోతుంది. ప్రతి మెలికలో ఒక ఆకు. ఆ ఆకుని ఒకే వేటుతో చెక్కలేదు. అంచు లోతుగా, నడుమ ఉబ్బుగా వదిలారు. అందుకే టార్చి వెలుగు పక్కనుంచి వేస్తే ఆకు గాలికి తిరిగినట్టు నీడ పడుతుంది. వెలుగు కొద్దిగా జరపండి, నీడా జరుగుతుంది. అంత పల్చటి పని రాతిమీద నిలిచి ఉందంటే దాన్ని చేత్తో తడమకపోవడం మన వంతు. చేతి చెమట, నూనె రాతి పైపొరలోకి దిగి నల్లబారుతుంది, తర్వాత పొరగా లేస్తుంది. నూనెదీపాలు గోడ వారగా పెట్టడం, పసుపు కుంకాలు శిల్పాలకి అద్దడం కూడా అంతే చెరుపు. దీపానికి చోటు చూపించినచోటే పెట్టండి.

శాసనాలు చూడడం

ముఖలింగం గుళ్ళలో పెద్ద సంఖ్యలో శాసనాలున్నాయి. సంస్కృతం, తెలుగు రెండూ. అడుగులో అడుగు వేస్తూ స్తంభాలు, గోడలు వెతకాలి. చదవలేకపోయినా చూడ్డం వల్ల లాభం ఉంది, కొంచెం గుర్తులు తెలిస్తే ఒకటి రెండు మాటలు పట్టుకోవచ్చు.

టార్చిని గోడకి దాదాపు ఆనించినట్టు, పది పదిహేను డిగ్రీల వాలులో పక్కనుంచి వెయ్యండి. ఎదురుగా వేస్తే అక్షరం మాయమవుతుంది. ఎడమనుంచి ఒక ఫోటో, పైనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి. అక్షరంలో అడ్డగీత ఒక వెలుగులో కనిపించి మరో వెలుగులో పోతుంది, అందుకని మూడూ కావాలి. సుద్దముక్క రాసి, పిండి అద్ది, నీళ్ళు చల్లి అక్షరాలు తేటపరిచే పాత అలవాటు ఉంది. అది వద్దే వద్దు. ఆ పొడి గాళ్ళలో దిగి తడికి గట్టిపడుతుంది, దాంతోబాటు రాయి పైపొర ఊడుతుంది. మీరు చదివింది చివరి చదువవుతుంది.

ఇప్పుడు అక్షరాలు. అవి తెలుగు, కన్నడం ఇంకా విడిపోని రోజుల లిపి. తలకట్టు మనం రాసే టిక్కుగుర్తులా ఉండదు, అక్షరం నెత్తిన అడ్డగీతలా ఉంటుంది. ముందు ఆరంభం వెతకండి. “స్వస్తి” అనో, “శ్రీ” అనో మొదలయ్యే చోటు దొరికితే ఆ రెండు అక్షరాలూ మీకు తాళంచెవి. తర్వాత “శక” అన్న మాట కోసం చూడండి. దానికి దగ్గర్లో ఏడాది ఉంటుంది. శకసంవత్సరానికి 78 కలిపితే మన క్రీస్తుశకం. అయితే ఏడాది చైత్రంలో మొదలవుతుంది కాబట్టి మాఘ ఫాల్గుణాల దానాలకి 79 కలపాల్సి వస్తుంది. దీనికి మంచి ఉదాహరణ చోడగంగదేవుడి పట్టాభిషేకమే. ఆయన రాగిరేకు శాసనాల్లో ఆ ఏడాదిని అంకెల్లో రాయలేదు, ‘నంద రంధ్ర గ్రహ’ అన్నారు. నందులు తొమ్మిది, శరీరానికి రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది: 999. సూర్యుడు కుంభంలో ఉన్నాడనీ అందులోనే ఉంది. కుంభమాసమంటే ఏడాది చివర, అందుకే 999కి 79 కలిపి 1078 అంటున్నాం. ఇలా మాటల్లో అంకెలు చెప్పినప్పుడు కుడినుంచి ఎడమకి చదవాలన్నది నియమం. ఇక్కడ మూడూ తొమ్మిదులే కాబట్టి ఎటు చదివినా ఒక్కటే. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5 వచ్చినచోట మాత్రం జాగ్రత్త, తలకిందులైతే వందల ఏళ్ళు తేడా వస్తుంది.

ఈ దానశాసనాల్లో మాటిమాటికీ కనిపించేది దీపం. దేవుడి ముందు ఆరకుండా వెలిగే అఖండదీపానికి ఫలానావారు ఇన్ని మాడలు ఇచ్చారు, ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం నడవాలి – దాదాపు ఇదే అచ్చు. మాడ అంటే ఆనాటి బంగారు నాణెం. “దీప”, “మాడ” అన్న రెండు మాటల ఆకారం నోటుపుస్తకంలో గీసుకుంటే తర్వాతి శాసనంలో అవే కనిపించి పలకరిస్తాయి.

వాడుక భాషకోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు పుట్టింది ఈ క్షేత్రానికి దగ్గర్లో, వంశధార ఒడ్డునే ఉన్న పర్వతాలపేటలో. 1863 ఆగస్టు 29. ఏటా ఆ తేదీన తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఈ ముఖలింగం శాసనాల్ని ఆయన ఎవరూ నేర్పకుండా సొంతంగా కూడబలుక్కుని చదివాడు. మన పూర్వులు ఏ తెలుగు మాట్లాడారో, ఏది రాశారో రాతిమీద చూసినవాడు గనకే వాడుకమాట మీద అంత గట్టిగా నిలబడ్డాడని మా నమ్మకం. టార్చి పట్టుకుని ఆ గోడ ముందు నిలబడ్డప్పుడు ఇది గుర్తుకు రాకుండా ఉండదు.

భీమేశ్వరం మూడింటిలోనూ అలంకారం తక్కువ. ఇరవై నిమిషాలు చాలు. అయినా మానొద్దు. చెక్కడం లేని గోడ దగ్గర రాళ్ళు ఒకదానిమీద ఒకటి ఎలా కూర్చోబెట్టారో తేటగా కనిపిస్తుంది.

ఊరి వీధులు

పదకొండున్నరకి గుళ్ళ పని అయిపోతుంది, మధ్యాహ్నం గుడి తలుపులు కూడా వేసేస్తారు. ఇక ఊళ్ళో నడవండి. మన ఉత్తరాంధ్ర పల్లెల కట్టడం వేరు. వీధికి రెండు వైపులా ఇళ్ళు గోడకి గోడ ఆనించి వరసగా ఉంటాయి, ఇంటికీ ఇంటికీ సందు ఉండదు. వీధివైపు అరుగు, ఆ వెనక గది, ఆ వెనక వంటిల్లు, ఆఖర్న పెరడు – రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ఆవలి గంజాం వైపూ ఇదే పద్ధతి. ఇలాంటి ఇళ్ళలో వెలుతురు పక్కలనుంచి రాదు, వీధి గుమ్మం నుంచీ పెరటి గుమ్మం నుంచీ రావాలి. అందుకే రెండు గుమ్మాలూ ఒకే గీటులో ఉంటాయి. పెంకుటిళ్ళు పోయి డాబాలు లేస్తున్నాయి, కానీ డాబాలు కూడా పాత ఇంటి వెడల్పులోనే లేస్తున్నాయి చూడండి. అదే వీధి పాతదనానికి గుర్తు.

అరుగుమీద కూర్చున్న పెద్దవాళ్ళు “ఏ వూరు బావూ?” అని పలకరిస్తారు. నిలబడి జవాబు చెప్పండి, మీ ఊరి పేరు, ఇంటివారు ఎవరో చెప్పండి. రెండు నిమిషాల్లో ఎక్కడో చుట్టరికం తేలుతుంది, ఆపైన గుడి గురించి మీరు అడక్కుండానే మాటలొస్తాయి. ఫోటో తియ్యాలంటే ముందు అడగండి. అరుగు వీధిలోకి ఉన్నా అది ఇల్లే. ముసలమ్మల్ని, వంటిళ్ళని దూరంనుంచి తీసుకుపోయే అలవాటు వద్దు.

ఎవరైనా పాత నాణెమో, చిన్న విగ్రహమో ఉందని చూపిస్తే చూడండి, కొనకండి. ఇలాంటి ఊళ్ళలో నేలలో దొరికినదాన్ని అధికారులకి చూపించాలి, అమ్మడం కొనడం రెండూ నేరమే.

ఏటి ఒడ్డు

ఊరికి ఏరు పడమటి వైపు. సాయంత్రం దాకా ఉండేవాళ్ళు ఐదింటికి అక్కడికి వెళ్ళండి. ఏటి ఆవల పొద్దు గుంకుతుంది, వెనక కొండల వరస నల్లబడుతుంది. చలికాలంలో నీళ్ళు ఒక పాయగా సన్నగా పారతాయి, మిగతా అంతా ఇసక. ఇసకమీద నడవొచ్చు, కానీ నీటి అంచున తడిసి మెరుస్తున్న ఇసకమీద అడుగు వెయ్యకండి, కాలు దిగబడుతుంది. ఇసక తవ్విన గోతులు నీళ్ళకింద కనబడవు. మోకాలిలోతు అనుకున్నచోట నిలువులోతు ఉంటుంది. ఎగువన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది. వానాకాలంలో అక్కడ గేట్లు ఎత్తితే ఇక్కడ వాన లేకపోయినా నీరు పెరుగుతుంది. పిల్లల్ని స్నానానికి దింపాలంటే ఊరివాళ్ళు రోజూ దిగే రేవులోనే, వాళ్ళు ఉన్నప్పుడే.

ఇంకేమైనా కలపాలా

ఒక్కటి కలపొచ్చు, శాలిహుండం. అది ఇదే వంశధార, సముద్రంలో కలవబోయే ముందు, దక్షిణపు ఒడ్డున గార మండలంలో కొండమీద ఉన్న బౌద్ధారామం. 1919లో దాన్ని బయటి లోకానికి తెలియజేసింది కూడా గిడుగు పంతులుగారే. ముఖలింగం నుంచి పన్నెండింటికి బయల్దేరి శ్రీకాకుళంలో భోంచేసి, మూడున్నరకి కొండ కిందికి చేరితే ఎండ తగ్గాక ఎక్కొచ్చు. స్తూపాల పునాదులు ఇటికెలవి. వాటిమీద నడవకుండా పక్కదారిన పోవాలి. పైనుంచి ఏరు కళింగపట్నం దగ్గర సముద్రంలోకి వెళ్ళడం కనిపిస్తుంది. ఇలా చేస్తే ముఖలింగం ఏటి ఒడ్డు సాయంత్రం వదులుకోవాలి, రెండూ కుదరవు. మొదటిసారి వచ్చినవాళ్ళకి శాలిహుండం మరో రోజుకి పెట్టుకోమనే చెబుతాం. అరసవల్లి, శ్రీకూర్మం పట్నానికి దగ్గర, వాటికి ఇంకో పొద్దుట వెళ్ళొచ్చు.

సాయంత్రం దాకా ఉండి బస్సుకి వెళ్ళేవాళ్ళు ఆఖరి బస్సుకి ముందు బస్సునే లెక్కలో పెట్టుకోండి. అది తప్పితే ఆఖరిది ఉంటుంది. ఆఖరిదే తప్పితే నరసన్నపేట దాకా ఆటో మాట్లాడుకోవాల్సిందే. చీకటి పడ్డాక ఆటోలు దొరకడం కష్టం, కాబట్టి పొద్దున్న దిగినప్పుడే ఒక ఆటోబాబు నంబరు రాసి ఉంచుకోండి.